రౌల్ ప్రెబిష్: బలహీనుల బేరము

సమానుల నడుమ సమానమైన నియమము న్యాయము. అసమానులకును అదే నియమమును విధించినచో బలవంతునకు లాభమును, బలహీనునకు నష్టమును తప్పవు. ఈ సామాన్య ధర్మమును ప్రపంచ వాణిజ్యమున అంగీకరింపజేయుటకై పాటుపడిన మేధావి అర్జెంటీనా దేశీయుడగు రౌల్ ప్రెబిష్.

ఆయన 1901 సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన ఉత్తర అర్జెంటీనాలోని టుకుమాన్ నగరమున జన్మించెను. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చినవాడు. ప్రెబిష్ బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమభ్యసించి, యౌవనముననే అచట ఆచార్యుడయ్యెను. అప్పటి అర్జెంటీనా తన పశుమాంసమును ముఖ్యముగా ఇంగ్లండునకే అమ్ముకొనుచుండెను. 1932లో ఒటావా నగరమున బ్రిటిషు సామ్రాజ్య దేశములు తమలో తమకు సుంకపు రాయితీల నేర్పరచుకొనగా, ఆ వెలుపలనున్న అర్జెంటీనాకు భయము పుట్టెను. సామ్రాజ్యములోని సరకునకు ఇంగ్లండు విపణిలో ఈ రాయితీ ఎట్టి ఊతమో నాటి గుంటూరు పొగాకు రైతులెరిగియుండిరి. ఒకరికి ఊతమైనదే ఇంకొకరికి అడ్డుగోడ యగును.

1933లో ఉపాధ్యక్షుడు జూలియో రోకా నాయకత్వమున లండనులో జరిగిన రాయబారమునకు ప్రెబిష్ ఆర్థిక సలహాదారుడుగా నుండెను. మే 1వ తేదీన ఒడంబడిక కుదిరెను. మాంసపు కొనుగోలును మునుపటి ప్రమాణమునకు మిక్కిలి తగ్గింపమని బ్రిటను మాట యిచ్చెను. అందులకు బదులుగా బ్రిటిషు సరకులపై సుంకములు తగ్గించుటకును, బొగ్గును సుంకము లేకుండ రానిచ్చుటకును అర్జెంటీనా ఒప్పుకొనవలసివచ్చెను. మాంసపు ఎగుమతిలో నూటికి 85 పాళ్లు విదేశీ కంపెనీల వశముననే యుండెను. స్వదేశమున ఈ ఒడంబడికపై నిందలు మెండుగా వచ్చినవి. ఏకాకియై బేరమాడు బలహీనునకు దక్కునది ఇంతయే.

1935లో స్థాపింపబడిన అర్జెంటీనా కేంద్ర బ్యాంకునకు ఆయన ప్రథమ నిర్వాహకుడయ్యెను. 1943లో సైనిక ప్రభుత్వము ఆయనను తొలగించెను. పిమ్మట ఐక్యరాజ్య సమితి వారి లాటిన్ అమెరికా ఆర్థిక సంఘమున చేరి, 1949లో తన సుప్రసిద్ధ సిద్ధాంతమును ప్రకటించెను. పంటలును, ఖనిజములును అమ్మి యంత్రములు కొను దేశము, కాలక్రమమున అదే యంత్రమునకు మరింత సరకు ఈయవలసివచ్చుచున్నదనియు, పరిశ్రమలు లేనిదే ఈ నష్టము తీరదనియు దాని సారాంశము.

పరిశ్రమలు పెట్టినంతమాత్రమున చాలునా? వాని సరకునకు విపణి కావలెను. 1964 మార్చిలో 120 రాజ్యముల ప్రతినిధులు జెనీవాలో సమావేశమైనప్పుడు, ఆ మహాసభకు ప్రధాన కార్యదర్శియైన ప్రెబిష్, పేద దేశముల పారిశ్రామిక వస్తువులకు ధనిక దేశములు ప్రతిఫలము కోరక సుంకము తగ్గింపవలెనని ప్రతిపాదించెను. అమెరికా దీనిని ప్రతిఘటించెను. యూరపు రాజ్యములలో ఏకాభిప్రాయము లేకుండెను. ఇతరులును కలసివచ్చినచో కామన్వెల్తు రాయితీలను అందరకు విస్తరింప బ్రిటను సుముఖముగా నుండెను. దేశమును బట్టియు, సరకును బట్టియు వేరువేరుగా ఏర్పాటు చేయవలెనని బెల్జియము, ఫ్రాన్సు వాదించెను. 1963 నాటి యవుండే ఒడంబడికచే యూరపు విపణిలో స్థానము సంపాదించిన 18 ఆఫ్రికా రాజ్యములు తమ రాయితీకి విలువ తగ్గునేమో యని శంకించెను. ధనికుల నొప్పించుటయే గాక పేదలలో పేదలకు పొత్తు కుదుర్చుటయు ప్రెబిష్ పాలిటి భారమయ్యెను. అయినను జూన్ 15వ తేదీన 77 దేశములు ఒక్క కూటమిగా నిలిచినవి. లండనులో 1933న లేని బలము ఇదియే.

1967లో అమెరికా తన పట్టు సడలించెను. 1968లో న్యూఢిల్లీలో జరిగిన రెండవ మహాసభ, ప్రతిఫలము కోరని, పక్షపాతము లేని సుంకపు రాయితీల సూత్రమును ఏకగ్రీవముగా అంగీకరించెను. ప్రెబిష్ 1969లో పదవి విడిచెను. 1971 జూలై 1వ తేదీన యూరపు ఆర్థిక సమాజములోని ఆరు రాజ్యములు రాయితీలను ముందుగా అమలుపరచినవి.

ఫలము పూర్ణము కాలేదు. వ్యవసాయ సరకులలో పెక్కింటిని విడిచిరి. జౌళి వంటి వానికి పరిమితులు పెట్టిరి. 1979లో ఈ రాయితీలకు శాశ్వతమైన అనుమతి లభించినను, ఇచ్చుట, మానుట ఇచ్చువారి ఇష్టముననే యుండెను. అనుమతికిని, బాధ్యతకును గల అంతరము పేద దేశములకు తెలియనిది కాదు.

ప్రెబిష్ 1986 ఏప్రిల్ 29వ తేదీన చిలీ రాజధాని శాంటియాగోలో మరణించెను. ఆయన కోరినంతయు సిద్ధింపలేదు గాని, ఒంటరిగా వేడుకొనుటకును, కలసి అడుగుటకును గల భేదమును లోకమునకు చూపి పోయెను. దాత దయపై ఆధారపడిన రాయితీ దయతోడనే పోవును. దానిని హక్కుగా నిలుపుకొనుటకు పేద దేశముల ఐకమత్యమొక్కటే సాధనము.