గెలీలియో - పైకి విసరిన రాయి లెక్క

నిటారుగ పైకి విసరిన రాయి చేతిని విడిచిన పిమ్మట దానిని నడుపునదేది? గాలియే వెనుకనుండి నెట్టుచున్నదని అరిస్టాటిలు చెప్పగా, తరతరములుగ యూరపు పండితులలో పెక్కుమంది దానినే నమ్మిరి.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీలోని పీసా పట్టణమున జన్మించెను. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. కుమారుడు వైద్యుడు కావలెనని ఆయన కోరగా, కుమారుని మనస్సు గణితముపై నిలిచెను. పట్టము పొందకయే విద్యాలయమును వీడి, 1589లో అచ్చటనే గణితాచార్యుడయ్యెను.

ఆ దినములలో ఆయన చలనమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. చేయి రాతికి కొంత బలము నిచ్చుననియు, కాగిన ఇనుమునందలి వేడివలె అది క్రమముగ తరుగుననియు, భారముకంటె తక్కువ కాగానే రాయి దిగుననియు అందు వాదించెను. వినుటకు ముచ్చటగ నున్నది గాని లెక్కకు నిలువలేదు. దానిని ఆయన అచ్చు వేయింపలేదు. చరిత్రకారులు ఈ ఘట్టమును త్వరగ దాటుదురు. నాకు మాత్రమిదియే ముఖ్యముగ తోచుచున్నది. తన చేతి పద్దును తానే కొట్టివేయుట యెంత కష్టమో లెక్కలు వ్రాయువారెరుగుదురు.

1592లో పాదువా చేరి, అచ్చట పదునెనిమిదేండ్లుండెను. నిటారుగ పడు వస్తువు వేగము కంటికందదు. కావున వాలుగ నుంచిన కొయ్యలో గాడి తీయించి, అందు నున్నని తోలుకాగితము అంటించి, కంచుగుండును దొర్లించెను. తొట్టినుండి సన్నని ధారగ కారిన నీటిని త్రాసున తూచి కాలమును గణించెను. ఒక్కొక్క సమాన కాలభాగమున గుండు దిగు దూరములు 1, 3, 5, 7 అను బేసి సంఖ్యల వరుసలో నుండును. ఎక్కునపుడు ఆ వరుసయే తలక్రిందులగును.

నేటి లెక్కలో చూతము. సెకండునకు 64 అడుగుల వేగముతో విసరిన రాయి, గాలి అడ్డును విడిచినచో, మొదటి సెకండున 48, రెండవ సెకండున 16 అడుగులు ఎక్కును. 64 అడుగుల యెత్తున క్షణమాగి, 16, 48 అడుగులుగ దిగి, విసరిన వేగముతోనే చేతికి వచ్చును. ఎక్కునపుడు తరుగు వేగమును, దిగునపుడు పెరుగు వేగమును సెకండునకు సుమారు 32 అడుగులే. ఈ 32 అను అంకెను తేల్చినవారు మాత్రము ఆయన తరువాతివారు.

1609లో ఆయన దూరదర్శినిని చేపట్టుటయు, 1633లో రోము మతన్యాయస్థానము శిక్షించుటయు అందరెరిగినవే. ఫ్లారెన్సు చెంత ఆర్చెట్రిలో స్వగృహముననే బందీయయ్యెను. 1634లో సన్యాసినియైన ప్రియపుత్రిక మరియా సెలెస్తె మరణించెను. ఆ దుఃఖములోనే, డెబ్బదియేండ్ల వయస్సున, పాత చలనపు లెక్కలను మరల చేతబట్టెను. ఆయన గ్రంథములకు నిషేధముండుటచే అది 1638లో హాలెండులోని లైడెను నగరమున అచ్చయ్యెను. సంభాషణారూపమైన ఆ గ్రంథమున, తన యౌవనకాలపు వాదమును ఒక పాత్రచే చెప్పించి, వేరొక పాత్రచే ప్రక్కకు పెట్టించెను.

అది అచ్చయి వచ్చునాటికి ఆయనకు రెండు కన్నులును పోయినవి. 1642 జనవరి 8వ తేదీన ఆర్చెట్రిలోనే కాలధర్మము నొందెను.