మేరీ టాగ్లియోని తెల్లని పరికిణీ

ఉగాది సంబరాలకు పిల్లల నాట్యం పెట్టుకొన్నప్పుడల్లా మన ఇళ్లలో ఒక చర్చ సాగుతుంది. ఏ బట్ట కుట్టిస్తే పిల్ల కాలు అడ్డులేకుండా ఆడుతుంది? ఏ బట్ట దీపాల వెలుగులో చూడముచ్చటగా ఉంటుంది? తల్లులు నాలుగు దుకాణాలు తిరిగి, కుట్టుపనివానితో వాదించి, చివరకు ఏదో ఒకటి నిశ్చయిస్తారు. సుమారు నూట తొంభై ఏండ్ల క్రిందట పారిస్ నగరంలో ఒక నర్తకి ఈ చర్చను ఒక్క రాత్రిలో తేల్చివేసింది. ఆమె ధరించిన తెల్లని పరికిణీ ఆమెకు ఖండమంతటా కీర్తి తెచ్చింది. ముప్పై ఏండ్ల తర్వాత అటువంటి పరికిణీయే ఆమెకు తీరని దుఃఖాన్ని కూడా తెచ్చింది. ఆమె పేరు మేరీ టాగ్లియోని.

మేరీ 1804 ఏప్రిల్ 23న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పుట్టింది. తండ్రి ఫిలిప్పో ఇటలీ దేశస్థుడు. బాలే నాట్యం చేసేవాడు, చేయించేవాడు. తల్లి సోఫీ స్వీడన్‌లో పేరుపొందిన గాయకుని కుమార్తె. పిల్ల బక్కపలచగా ఉండేది. చేతులు పొడుగు, వీపు కొంచెం వంగుడు. పారిస్‌లో నేర్చుకొనే రోజుల్లో తోటి పిల్లలు గూనిదని వెక్కిరించేవారట. తండ్రి మాత్రం నిరాశపడలేదు. వియన్నాలో తొలి ప్రదర్శనకు ముందు ఆరు నెలలపాటు రోజుకు ఆరు గంటలు సాధన చేయించాడు. ఒక్కొక్క భంగిమలో నూరు లెక్కపెట్టేవరకు కదలరాదు. పొడుగు చేతులను ముందుకు ముడిచి నిలిపి, వంగిన వీపునే ఒక వినయంగా, ఒక సొగసుగా మార్చాడు. 1822లో వియన్నాలోను, 1827లో పారిస్ ఆపెరాలోను ఆమె రంగప్రవేశం చేసింది.

అంతకు నూరేండ్ల ముందు బాలే నర్తకులు కూడా రాజాస్థానపు స్త్రీలవలె పాదాలు కప్పే బరువైన పట్టు దుస్తులే ధరించేవారు. కామార్గో అనే నర్తకి తన పాదాల పని ప్రేక్షకులకు కనబడాలని పరికిణీని చీలమండల పైకి కత్తిరించింది. ఆ రోజుల్లో అదే పెద్ద సాహసం. మన నాట్యంలో పాదం నేలను తాకి మువ్వ పలకాలి. బాలేలో పాదం నేలను విడవాలి. బట్ట బరువైతే అది సాగదు.

1832 మార్చి 12న పారిస్ ఆపెరాలో ‘లా సిల్ఫీడ్’ అనే నృత్యనాటకం ప్రదర్శించారు. నృత్యం కూర్చినది తండ్రి. పెండ్లి కావలసిన ఒక స్కాట్లండ్ యువకుణ్ణి మోహింపజేసే వనదేవత పాత్ర కుమార్తెది. గాలిలో తేలే దేవతకు ఏమి బట్ట వేయాలి? ఆనాడు ఆమె తెల్లని పలుచని మస్లిన్ గుడ్డను పొరలు పొరలుగా కుట్టిన పరికిణీ ధరించింది. నడుము వద్ద బిగుతుగా ఉండి, క్రిందికి గంటవలె విచ్చుకొని, మోకాలికీ చీలమండకూ నడుమ ఆగేది. వీపుమీద చిన్న రెక్కలు. ఈ రూపకల్పన చిత్రకారుడు యూజీన్ లామీదని చెబుతారు. బిగుతు నడుము, వెడల్పు పరికిణీ ఆనాటి పారిస్ వీధుల్లోని వాడుకే. బట్ట తేలిక కావడమే కొత్త. దానికి తోడు ఆపెరాలో 1822 నుంచి గ్యాసు దీపాలు వచ్చాయి. ఆ వెలుతురులో తెల్లని పొరలు వెన్నెలవలె మెరిసేవి. మునివేళ్లమీద నిలిచేందుకు ఈనాటివలె ముందుభాగం గట్టిగా చేసిన జోళ్లు లేవు. మెత్తని సాటిన్ జోళ్లకు అంచుల వెంట దారం కుట్టి గట్టిపరచుకొనేవారు. మిగిలిన బలమంతా ఆమె కాళ్లదే.

ఆ రాత్రి తర్వాత బాలే రంగస్థలం తెల్లబడింది. టాగ్లియోని పేరు ఒక కోటుకు పెట్టారు, ఇంగ్లండులో ఒక గుర్రపుబండికి పెట్టారు. 1837 నుంచి 1842 వరకు ఆమె రష్యాలో నర్తించింది. వెళ్లిపోయేటప్పుడు ఆమె జోళ్లను అభిమానులు కొని, వండించుకొని తిన్నారని ఒక కథ చెప్పుకొంటారు. ఇంటి జీవితం మాత్రం అంత సుఖంగా సాగలేదు. 1832లో ఒక ప్రభువును పెండ్లాడి కొద్ది సంవత్సరాలకే విడిపోయింది. 1847లో రంగస్థలం విడిచి ఇటలీలో స్థిరపడింది.

ఈలోగా వీధిలోని పరికిణీ పెరుగుతూ పోయింది. గుర్రపు వెంట్రుకలతో నేసిన లోపావడాలు, గంజిపెట్టిన పావడాలు ఒకదానిపై ఒకటి తొడిగేవారు. 1856లో ఉక్కు కమ్మీల చట్రం వచ్చింది. ఆ గంపవంటి చట్రంపై పరచిన పలుచని బట్టకు నిప్పు తగిలితే క్రిందినుంచి గాలి అంది క్షణంలో మంట పైకెక్కేది. అమెరికా కవి లాంగ్‌ఫెలో భార్య 1861లో బట్టలంటుకొని మరణించింది. రంగస్థలం మీద ప్రమాదం ఇంకా ఎక్కువ. 1844లోనే లండన్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి ప్రేక్షకుల ఎదుటనే దీపం తగిలి కాలి, కన్నుమూసింది.

1858లో పారిస్‌లో ఎమ్మా లివ్రీ అనే పదహారేండ్ల పిల్ల ‘లా సిల్ఫీడ్’లోనే రంగప్రవేశం చేసింది. ఆ వార్త విని టాగ్లియోని పారిస్‌కు తిరిగి వచ్చింది. ఆ బక్కపలచని పిల్లలో తన్ను తాను చూసుకొన్నది కాబోలు, శిష్యురాలిగా స్వీకరించింది. 1860లో ఆమె కోసమే ‘సీతాకోకచిలుక’ అనే బాలే కూర్చింది. సంగీతం ఒఫెన్‌బాక్ వ్రాశాడు. దీపానికి రెక్కలు కాల్చుకొనే సీతాకోకచిలుక కథ అది.

బట్టను పటిక మొదలైన లవణాలు కలిపిన నీటిలో ముంచి ఆరవేస్తే త్వరగా అంటుకోదని అప్పటికే తెలుసు. రంగస్థలపు బట్టలకు అలా చేయాలని 1859లో ప్రభుత్వం ఉత్తరువు కూడా చేసింది. కాని అలా చేసిన బట్ట బిరుసెక్కి, మాసినట్లు కనబడేది. తేలికదనం పోయేది. ఎమ్మా దానిని ధరించనని, ఏమి జరిగినా బాధ్యత తనదేనని వ్రాసి ఇచ్చింది. పెద్దలు ఒప్పుకొన్నారు.

1862 నవంబరు 15న ఒక ఆపెరా సాధనలో ఆమె పరికిణీ సవరించుకొంటుండగా గ్యాసు దీపం తగిలింది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలైలో కన్నుమూసింది. ఇరవయ్యొకటో ఏడు ఇంకా నిండలేదు.

టాగ్లియోని తర్వాత ఇంకొక బాలే కూర్చలేదు. 1870-71 యుద్ధం తర్వాత ఆస్తి కరిగిపోయింది. ముసలితనంలో లండన్ చేరి, గొప్పయింటి పిల్లలకు నడక, నాట్యం నేర్పి జీవించింది. 1884 ఏప్రిల్ 22న, ఎనభై నిండటానికి ఒక్కరోజు ముందు, మార్సేలో మరణించింది. ఆ దశకంలోనే బాలే పరికిణీ మోకాలి పైకి ఎక్కి, ఈనాడు మనం చిత్రాలలో చూసే పొట్టి రూపానికి రాసాగింది.

ఎమ్మా ఆనాటి దుస్తులలో మిగిలిన మసిబారిన పీలికలు పారిస్ ఆపెరా ప్రదర్శనశాలలో ఉన్నాయి. మేము ఈ కథ పండుగ సంచికలో చెప్పడానికి కారణం ఒకటే. పిల్లలు అందమైన బట్ట కోరుతారు; కోరవలసిందే. బాధ్యత తమదేనని కూడా అంటారు. ఆ మాటను ఒప్పుకోకుండా ఉండటం పెద్దల పని. ఈ ఉగాదికి నైలాన్ చెంగులు వేసుకొని మన చిన్నారులు వేదిక ఎక్కేముందు, దీపపు కుందెను నాలుగడుగులు ఎడంగా జరిపి పెట్టుదాము.