వెనక చక్రాలకు తోలు బ్రేకు

బెర్తా బెంజ్ పేరు వినగానే అందరికీ గుర్తొచ్చేది ఒకటే కథ. భర్తకి చెప్పకుండా కారు తీసుకుని, ఇద్దరు కొడుకులతో పుట్టింటికి వెళ్ళింది, దారిలో టోపీ పిన్నుతో పెట్రోలు గొట్టం బాగు చేసింది. రీల్స్‌లో కూడా ఇదే తిరుగుతూ ఉంటుంది. నాకు మాత్రం ఆ ప్రయాణంలో పిన్ను కంటే ఒక చెప్పుల షాపు ఎక్కువ ఇష్టం. అక్కడి దాకా రావాలంటే ఆవిడ జీవితం కొంచెం వెనక నుంచి చెప్పాలి.

బెర్తా రింగర్ 1849 మే 3న ఫోర్జ్‌హైమ్ అనే ఊళ్ళో పుట్టింది. అప్పటికి జర్మనీ ఒకే దేశం కాదు, ఆ ఊరు బాడెన్ రాజ్యంలో ఉండేది. తండ్రి వడ్రంగి పనిలో, ఇళ్ళు కట్టించడంలో బాగా సంపాదించినవాడు. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని ఆయన ఇంట్లోని బైబిల్‌లో దిగులుగా రాసుకున్నాడని చెబుతారు.

1871లో కార్ల్ బెంజ్ అనే యువ ఇంజనీరు మన్‌హైమ్‌లో ఒక భాగస్వామితో కలిసి వర్క్‌షాపు పెట్టాడు. ఆ భాగస్వామితో పొసగలేదు. కార్ల్‌తో పెళ్ళి కుదిరిన బెర్తా, తన కట్నం డబ్బు ముందే ఇప్పించి ఆ భాగస్వామి వాటా కొనిపించింది. 1872 జులై 20న పెళ్ళయింది. కట్నం అనే మాట మనకి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. ఇక్కడ తేడా ఏంటంటే, ఆ డబ్బు ఎక్కడికి పోవాలో నిర్ణయించింది ఆవిడే. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆ స్టార్టప్‌కి మొదటి ఇన్వెస్టర్. కానీ అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయ్యాక భార్య ఆస్తి మీద పెత్తనం భర్తదే.

తర్వాత చాలా ఏళ్ళు అప్పులు, పిల్లలు, ఆగిపోయే ఇంజన్లు. 1879 డిసెంబరు 31 రాత్రి, మరొక్కసారి ప్రయత్నిద్దామని బెర్తా పట్టుబడితే ఇద్దరూ వర్క్‌షాపుకి వెళ్ళారనీ, ఆ రాత్రే ఇంజను ఆగకుండా నడిచిందనీ అంటారు. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టారు, నంబరు 37435. అందులో బెర్తా పేరు ఎక్కడా లేదు.

బండి ఉంది, పేటెంటు ఉంది, కొనేవాళ్ళు లేరు. గుర్రం లేని బండిని చూసి జనం భయపడ్డారు, నవ్వారు. కార్ల్ ఊళ్ళోనే చిన్న చిన్న ట్రిప్పులు తిప్పుతూ, ఇంకా బాగు చేయాలి అంటూ ఉండిపోయాడు. మన్‌హైమ్ నదుల పక్కన ఉన్న చదునైన ఊరు. అక్కడ బండి బాగానే నడిచేది. కోడ్ రాసే మనందరికీ ఇది బాగా తెలిసిన పరిస్థితే: నా ల్యాప్‌టాప్‌లో అయితే రన్ అవుతోంది, మరి బయట?

1888 ఆగస్టులో ఒక ఉదయం బెర్తా మూడో మోడల్ బండి బయటికి తీసింది. వయసు 39. పక్కన యూజెన్‌కి 15, రిచర్డ్‌కి 13. గమ్యం 100 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఫోర్జ్‌హైమ్. కార్ల్ నిద్రలో ఉన్నాడు.

దారిలో జరిగినవి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి మీకు తెలిసే ఉంటాయి. పెట్రోలు బంకులు లేవు కాబట్టి వీస్లోహ్ అనే ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ కొన్నారు, మరకలు తీయడానికి వాడే ద్రవం అది. గొట్టం మూసుకుపోతే టోపీ పిన్ను. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. చైను సాగితే బ్రుక్సాల్‌లో కమ్మరి దగ్గర బిగించారు. ఇంజను చల్లబడటానికి ఆగిన చోటల్లా నీళ్ళు పోశారు.

ఇక కొండలు. రెండు, మూడు గుర్రాల శక్తి ఉన్న ఇంజను ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. ఎక్కడం కష్టం, సరే. అసలు భయం దిగడంలో ఉంది.

బ్రేకులు చేత్తో లాగే లివరు మీద నడిచేవి. లివరు లాగితే దిమ్మలు వెళ్ళి వెనక చక్రాలకి ఒత్తుకుంటాయి. ముందు చక్రం తిప్పడానికే, దానికి బ్రేకు లేదు. అంటే ఉన్నదల్లా వెనక బ్రేకు, అది కూడా హ్యాండ్ బ్రేకే. కొండ ఎక్కి కూడబెట్టుకున్న శక్తంతా దిగేటప్పుడు ఆ దిమ్మల దగ్గర వేడిగా మారాలి. చెక్క ఆ పనికి పుట్టలేదు. కాలుతుంది, నున్నబడుతుంది, అరుగుతుంది. నున్నబడ్డ కొద్దీ ఇంకా గట్టిగా లాగాలి, లాగిన కొద్దీ ఇంకా అరుగుతుంది.

బౌష్లాట్ అనే చిన్న ఊళ్ళో బెర్తా చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, ఆ బ్రేకు దిమ్మలకి తోలు కొట్టించింది. అంతే, చెప్పు కింద అట్ట వేసినట్టు.

ఇది ఎంత పెద్ద విషయమో నాకు మా బాబాయి పాత మారుతి 800 దగ్గర అర్థమైంది. దాని వెనక బ్రేకులు విప్పినప్పుడు పక్కనే నిలబడి చూశాను. డ్రమ్ము లాగితే లోపల నెలవంక ఆకారంలో రెండు ఇనప షూలు, వాటి మీద అంటించిన లైనర్లు. హ్యాండ్ బ్రేక్ లాగినా కేబుల్ వచ్చి ఆ షూలనే తెరుస్తుంది. లైనర్లు అద్దంలా నున్నగా అయిపోయాయి. మెకానిక్ షూలు మార్చి, కేబుల్ బిగించి, లివరు ఎన్ని క్లిక్కులకి పట్టుకుంటుందో చెవితో లెక్కపెట్టాడు. చూస్తుంటే తోచింది ఇదే. ఒత్తిడి మోసే పని ఒక వస్తువుది, రాపిడి పని ఇంకొకదానిది. రెండోది అరిగిపోవడానికే ఉంది, అరిగితే మార్చుకోవచ్చు, మొదటిది అలాగే ఉంటుంది. పదార్థం ఎన్నిసార్లు మారినా, డ్రమ్ముల నుంచి డిస్కులకి వెళ్ళినా, ఈ ఏర్పాటు మారలేదు. పాత కారుకి ఇంజను పవర్ పెంచి, వెనక మాత్రం అరిగిన లైనర్లతో తిరిగేవాళ్ళు మన పార్కింగ్‌లో కూడా ఉన్నారు. పేర్లు చెప్పను.

వీస్లోహ్ మందుల షాపుకి ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అని పేరొచ్చింది, ఎదురుగా స్మారక శిల్పం కూడా పెట్టారు. నన్నడిగితే బౌష్లాట్ చెప్పుల షాపుకి కూడా అలాంటిది ఒకటి బాకీ ఉంది, మొదటి బ్రేక్ సర్వీస్ సెంటర్ అని.

చీకటి పడ్డాక ఫోర్జ్‌హైమ్ చేరి కార్ల్‌కి టెలిగ్రామ్ కొట్టారు. కొన్ని రోజులకి బండి మీదే తిరిగొచ్చారు. ఆ తర్వాత కొండలు ఎక్కడానికి కార్ల్ బండికి ఒక తక్కువ గేరు చేర్చాడు. మన భాషలో అది బగ్ రిపోర్ట్ మీద వచ్చిన ఫిక్స్. ఆ రిపోర్ట్ రాసినావిడని మాత్రం చాలాకాలం సాహసం చేసిన భార్యగానే చెప్పుకున్నారు. ధైర్యం గొప్పదే, కాదనను. కానీ ఆవిడ చేసింది టెస్టింగ్. ఎక్కడ ఫెయిల్ అవుతుందో చూసి, అక్కడికక్కడే మార్చి, ఇంటికొచ్చి చెప్పింది.

మిగతాది నిదానంగా సాగిన జీవితం. మొత్తం అయిదుగురు పిల్లలు. 1906లో కుటుంబం లాడెన్‌బర్గ్‌లో ఇంకో ఫ్యాక్టరీ పెట్టింది, ఇప్పుడది మ్యూజియం. 1926లో బెంజ్ కంపెనీ డైమ్లర్‌తో కలిసిపోయింది. కార్ల్ 1929లో పోయాడు. 1944 మే 3న, 95వ పుట్టినరోజు నాడు, కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూహె టెక్నికల్ యూనివర్సిటీ బెర్తాకి గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. ఆవిడ చదువుకునే వయసులో అలాంటి కాలేజీల్లో ఆడపిల్లలకి సీటే లేదు. రెండు రోజుల తర్వాత, మే 5న, లాడెన్‌బర్గ్‌లో కన్నుమూసింది.