పుట్టింటి జాడ: కిట్టీ కిర్క్‌పాట్రిక్ జీవితము

వంశక్రమమును జ్ఞప్తియందుంచుకొనుటకు మనవారు అనుసరించిన పద్ధతులు పెక్కు కలవు. శ్రాద్ధకర్మయందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను, తల్లివైపు పెద్దల పేర్లను గోత్రసహితముగా ఉచ్చరింతురు. పిచ్చుకుంట్లవారు తమను పోషించు కుటుంబముల ఇండ్లకు వచ్చి, తరతరముల కథను పాడి వినిపించెడివారు. ఈ విధముగా మన పూర్వుల స్మృతి చాలవరకు నోటిమాటపై నిలిచినది.

ఐరోపీయుల పద్ధతి వేరు. ఇంగ్లండులో 1538వ సంవత్సరమున థామస్ క్రామ్వెల్ ఇచ్చిన ఆజ్ఞననుసరించి, ప్రతి ప్రాంతపు చర్చియందును బాప్తిస్మములను, వివాహములను, సమాధిక్రియలను ఒక పుస్తకమున వ్రాసియుంచుట ఆచారమయ్యెను. చర్చి ఆవరణలోని సమాధిరాళ్లు ఆ పుస్తకమునకు తోడు సాక్ష్యములు. ఈస్టిండియా కంపెనీవారితో ఈ ఆచారము మన దేశమునకును వచ్చినది. చెన్నరాజధానికి సంబంధించి 1698 మొదలుకొని జరిగిన ఇట్టి నమోదుల ప్రతులు నేటికిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందు భద్రముగా ఉన్నవి. విశాఖపట్టణము, భీమునిపట్టణము, మచిలీపట్టణములందలి పాత దొరల శ్మశానవాటికలలో ఉప్పుగాలికి అక్షరములు మాసిన సమాధిరాళ్లను నేటికిని చూడవచ్చును. జూలియన్ జేమ్స్ కాటన్ అను ఉద్యోగి చెన్నరాజధానియందలి సమాధిశాసనములను సేకరించి 1905లో గ్రంథముగా ప్రకటించెను. తమ పూర్వుల జాడ వెదకువారికి అది కరదీపిక వంటిది.

అయినను పుస్తకముగాని రాయిగాని తనపై వ్రాసినదానినే చెప్పగలదు. వ్రాయక విడిచినదానిని అది చెప్పదు. లండనులోని ఒక చర్చి పుస్తకమున కొత్త పేరుతో నమోదై, ఆ పేరు చాటున తన పుట్టింటిని కోల్పోయి, ముప్పదియైదేండ్లకు పైగా గడచిన తరువాత మరల దాని జాడ కనుగొన్న ఒక హైదరాబాదు ఆడపడుచు కథ ఇందుకు నిదర్శనము. ఆమె కిట్టీ కిర్క్‌పాట్రిక్.

కిట్టీ తండ్రి జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1764లో మదరాసులో జన్మించెను. పసితనముననే తల్లిని కోల్పోయి, ఇంగ్లండులో పెరిగి, యౌవనమున కంపెనీ సైన్యమున చేరి మరల ఈ దేశమునకు వచ్చెను. అన్నయగు విలియం కిర్క్‌పాట్రిక్ నిజాము దర్బారులో ఆంగ్ల రెసిడెంటుగా ఉండగా, అతనికి సహాయకుడుగా 1795లో హైదరాబాదు చేరెను. అనతికాలముననే ఆ పదవి ఇతనికే లభించినది. 1798లో నిజాం అలీఖానుతో సంధి కుదిర్చి, రేమండు దొర పెంపొందించిన ఫ్రెంచి పటాలమును రక్తపాతము లేకుండ నిరాయుధము గావించినవాడు ఇతడే. ఫారసీ భాషను చక్కగా నేర్చి, హైదరాబాదు ప్రభువుల వేషభాషలను, మర్యాదలను తనవిగా చేసికొనెను. నిజాము ఇతనికి హష్మత్ జంగ్ అను బిరుదమిచ్చెను.

నిజాము కొలువునందలి పెద్దలలో బకర్ అలీఖాన్ ఒకడు. పారశీకమునుండి వచ్చిన సయ్యదుల వంశమువాడు. అతని కుమార్తె షరఫున్నీసా. ఆమె కుమార్తె ఖైరున్నీసా. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా పరస్పరము అనురక్తులైరి. మతము వేరు, జాతి వేరు, రాజ్యకార్యములయందలి అనుమానములు వేరు. వీనినన్నిటిని దాటి, కిర్క్‌పాట్రిక్ ఇస్లాము స్వీకరించి ఆమెను వివాహమాడెను. ఈ వార్త కలకత్తాకు చేరినప్పుడు గవర్నరు జనరలు వెల్లస్లీ కోపించి విచారణ జరిపించెను. పదవికి ముప్పు వాటిల్లినను కిర్క్‌పాట్రిక్ భార్యను విడువలేదు. 1801 మార్చి 4న కుమారుడు సాహెబ్ ఆలం, 1802 ఏప్రిల్ 9న కుమార్తె సాహెబ్ బేగం జన్మించిరి. ఆ సాహెబ్ బేగమే తరువాతి కిట్టీ.

మూసీనది ఉత్తరపు టొడ్డున నేడు కోఠి అని పిలువబడు ప్రాంతమున 1803లో కిర్క్‌పాట్రిక్ కొత్త రెసిడెన్సీ భవన నిర్మాణము నారంభించెను. ఉన్నతములైన స్తంభములతో, విశాలమైన మెట్లతో, మెట్ల కిరువైపుల సింహములతో అది రాజప్రాసాదమును బోలియుండెను. దాని వెనుక భాగమున భార్యకొరకు రంగమహలు అను అంతఃపురమును కట్టించెను. పరదా పాటించు ఖైరున్నీసా భవనపు ముందుభాగమును చూడజాలదు గనుక, దాని చిన్న నమూనాను ఆమె తోటలో కట్టించెనని ప్రతీతి. ఆ తోటలో, ఆ నమూనా చెంత, ఇద్దరు పసివాండ్రును తల్లి భాషలో మాటలు నేర్చిరి.

అయితే ఆ కాలమున ఇట్టి బిడ్డలకు ఈ దేశమునందలి ఆంగ్లసమాజమున గౌరవస్థానము దొరకుట దుర్లభముగా నుండెను. వారిని చిన్నతనముననే ఇంగ్లండుకు పంపి, అచ్చటి పిల్లలవలె పెంచినగాని మంచి భవిష్యత్తు ఉండదని తండ్రి తలచెను. తల్లి హృదయము అందుల కొప్పుకొనలేదు. కాని తండ్రి నిర్ణయమే నెగ్గినది. 1805లో పిల్లలు హైదరాబాదు విడిచి మదరాసు చేరిరి. ఓడ యెక్కుటకు ముందు జార్జి చిన్నరీ అను చిత్రకారుడు వారిద్దరి చిత్రమును వ్రాసెను. హైదరాబాదు ప్రభుకుమారుల దుస్తులతో, జరీటోపీలతో అక్కడి సంస్కారమంతయు మూర్తీభవించినట్లు వారా చిత్రమున నిలిచియున్నారు. సెప్టెంబరు మాసమున ఓడ సాగిపోయెను. బిడ్డకు మూడేండ్లు, కుమారునకు నాలుగేండ్లు.

ఓడ ఇంకను సముద్రమధ్యముననే యుండగా, అనారోగ్యముతోనే రాచకార్యముపై కలకత్తా వెళ్లిన కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరు 15న అక్కడ మరణించెను. ఆయనను పార్కు వీధి శ్మశానవాటికలో ఖననము గావించిరి. పిల్లలు దరిచేరు నాటికి తండ్రి లేడు. 1806 మార్చి 25న లండనులోని మేరిల్‌బోన్ సెయింట్ మేరీ చర్చియందు వారికి బాప్తిస్మము జరిగినది. సాహెబ్ ఆలం విలియం జార్జి కిర్క్‌పాట్రిక్ అయ్యెను. సాహెబ్ బేగం కాథరీన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అయ్యెను. చర్చి పుస్తకమున ఒక పంక్తి చేరినది. ఆ పంక్తితో హైదరాబాదు తోట, తల్లి, అమ్మమ్మ, పుట్టినప్పుడు పెట్టిన పేరు, అన్నియు తెర వెనుకకు పోయినవి. పిల్లలు తల్లికి ఉత్తరము వ్రాయుటకైనను పెద్దలు అనుమతింపలేదు.

ఇచ్చట తల్లి గతి మరింత శోచనీయము. ఖైరున్నీసా తన తల్లితో కలసి 1806లో కలకత్తాకు వెళ్లినది. కిర్క్‌పాట్రిక్‌కు సహాయకుడుగా పనిచేసిన హెన్రీ రసెల్ ఆమెకు ఆశ్రయమిచ్చినవాడై, ఆమె నమ్మకమును చూరగొనెను. కాని హైదరాబాదులో మంత్రియగు మీర్ ఆలం ఆమె తిరిగి రాకుండ అడ్డుపడుటచే, ఆమె మన మచిలీపట్టణమున ప్రవాసమున ఉండవలసివచ్చెను. రసెల్ 1808లో మదరాసున వేరొక వివాహము చేసికొనెను. పతిని పోగొట్టుకొని, బిడ్డలకు దూరమై, నమ్మినవానిచే విడువబడి, ఆ సముద్రతీరమున ఆమె కాలము గడపెను. తుదకు హైదరాబాదు చేరినను ఎక్కువకాలము జీవింపలేదు. 1813 సెప్టెంబరు 22న, ముప్పదియేండ్లైనను నిండకమునుపే కన్నుమూసినది. బిడ్డలను మరల చూడలేదు.

ఇంగ్లండులో కిట్టీ మొదట తాతగారి యింటను, తరువాత తండ్రివైపు బంధువుల యిండ్లలోను పెరిగినది. అన్నయే ఆమెకు మిగిలిన తోబుట్టువు. అతడు బాల్యముననే మరుగుచున్న నీటిలో పడి ఒక అవయవమును కోల్పోయెను. పెరిగి పెండ్లాడి బిడ్డలను గన్నను, 1828లో చిన్నవయసుననే మరణించెను. హైదరాబాదు తోటను ఆమెతోపాటు చూచిన మరియొక జత కన్నులు ఆ విధముగా మూతపడినవి.

కిట్టీ రూపవతి, సౌమ్యశీల. ఆమె బంధువులైన బుల్లరు కుటుంబమున పిల్లలకు ఉపాధ్యాయుడుగా నుండిన యువకుడొకడు 1824 ప్రాంతమున ఆమెను చూచి ముగ్ధుడయ్యెను. ఆ పేద ఉపాధ్యాయుడే తరువాతి కాలమున ఆంగ్లసాహిత్యమున ప్రసిద్ధుడైన థామస్ కార్లైల్. అతని సార్టర్ రిసార్టస్ గ్రంథములోని బ్లూమిన్ అను నాయికకు కిట్టీయే మూలమని పలువురు విమర్శకులు తలంతురు. మన సాహిత్యవిద్యార్థులు కార్లైలును చదువునప్పుడు, ఆ పుటల వెనుక మూసీ తీరపు బాలిక యొకతె నిలిచియున్నదని గుర్తుంచుకొనవచ్చును. 1829లో కిట్టీ జేమ్స్ విన్‌స్లో ఫిలిప్స్ అను సైనికోద్యోగిని వివాహమాడి, డెవన్ మండలమునందలి టార్కీ పట్టణమున కాపురముండెను.

1841 ప్రాంతమున ఒకనాడు ఆమె స్నేహితురాలితో కలసి స్వాలోఫీల్డు అను గ్రామమునందలి ఒక ధనికుని భవనమును చూడబోయినది. అది ఉద్యోగవిరమణ చేసి స్వదేశము చేరిన హెన్రీ రసెల్ గృహము. లోపల గోడపై చిన్నరీ వ్రాసిన చిత్రము వ్రేలాడుచుండెను. ఆ జరీటోపీల బిడ్డలెవరో ఆమె గుర్తించినది. ఆమెకు దుఃఖమాగలేదు. తల్లికి గుర్తుగా మిగులవలసిన ఆ చిత్రము, తల్లిని వంచించినవాని యింటనే కూతురి కంటబడినది. రసెల్ దానిని తన యనంతరము కిట్టీకి చెందునట్లు వ్రాసియుంచెను.

ఈ సందర్భముననే హైదరాబాదులో తన అమ్మమ్మ షరఫున్నీసా ఇంకను జీవించియున్నదని కిట్టీకి తెలిసెను. అక్కడి రెసిడెన్సీలో ఉద్యోగియగు డంకన్ మాల్కం వారి మధ్య వార్తాహరుడయ్యెను. మనుమరాలికి ఫారసీ రాదు, అమ్మమ్మకు ఆంగ్లము రాదు. ఒకరి లేఖలు మరియొకరికి అనువాదరూపమున చేరెడివి. ఎనుబదేండ్లకు సమీపించిన ఆ వృద్ధురాలు లేఖకునిచే ఫారసీలో వ్రాయించి పంపెడిది. కిట్టీ తన చిన్ననాటి జ్ఞాపకములను తెలిపెను. విడిపోవునాడు తల్లి యేడ్చుట, ఆమె కూర్చుండిన చోటు, ఇవి తన కన్నుల యెదుటనే ఉన్నవని వ్రాసెను. అన్న మరణమును, తన బిడ్డల సంగతిని విన్నవించెను. అమ్మమ్మ తన కుమార్తె తలవెండ్రుకల పాయ నొకదానిని దాచియుంచినది. దానిని మనుమరాలికి పంపెను. ముప్పదియైదేండ్లకు పైగా కాలము మూసివేసిన తలుపు ఆ లేఖలతో కొంత తెరచుకొన్నది. ఆరేండ్లు ఉత్తరప్రత్యుత్తరములు సాగినవి. 1847 జూలై 21న షరఫున్నీసా మరణించెను. అమ్మమ్మయు మనుమరాలును ఒకరినొకరు మరల చూచుకొనలేదు.

కిట్టీ 1889లో టార్కీలోనే కన్నుమూసినది. నాలుగేండ్ల తరువాత, 1893లో, ఆమె బంధువగు ఎడ్వర్డు స్ట్రాచీ బ్లాక్‌వుడ్స్ పత్రికలో ఆమె తలిదండ్రుల వివాహకథను ప్రకటించెను. మన కాలమున విలియం డాల్రింపుల్ ఈ కుటుంబపు లేఖలను, కంపెనీ పత్రములను పరిశోధించి 2002లో వెలువరించిన గ్రంథముతో ఆ కథ లోకప్రసిద్ధమైనది. అమ్మమ్మ వ్రాయించిన లేఖలు కిట్టీ సంతతివారియొద్ద భద్రముగా నిలిచియుండుటయే ఇందుకు ముఖ్యాధారము.

రంగమహలును 1861లో పడగొట్టిరి. రెసిడెన్సీ భవనమున 1949 నుండి మహిళాకళాశాల నెలకొని, వేలాది తెలుగు బాలికలు అక్కడ చదువుకొనిరి. ఆ ప్రాంగణముననే ఒక చిన్న ఆంగ్ల శ్మశానవాటిక కలదు. అందలి సమాధిరాళ్లపై పేర్లును, తేదీలును కానవచ్చును. పూర్వుల జాడ వెదకువారికి ఆ రాళ్లు, ఆ చర్చి పుస్తకములు అమూల్యములే. మేరిల్‌బోన్ పుస్తకము లేకున్న, ఒక బాలిక ఏనాడు ఏ పేరు పొందినదో మనకు తెలియదు. కాని ఆ పేరుకు ముందు మరియొక పేరు కలదనియు, ఆ పేరుతో పిలిచిన తల్లి యొకతె కలదనియు ఆమెకు తిరిగి చెప్పినది, బిడ్డ వెండ్రుకలను పదిలముగా దాచుకొన్న ఒక అమ్మమ్మయే.

విద్యార్థులు తమ యింటి చరిత్రను వ్రాయబూనినప్పుడు గ్రామపు రికార్డులను, శిలలను తప్పక చూడవలెను. అంతకు పూర్వమే ఇంటిలోని అమ్మమ్మ చెంత కూర్చుండి, ఆమె చెప్పునది విని వ్రాసికొనవలెను. శిల కొంతకాలము వేచియుండును. అమ్మమ్మ వేచియుండదు.