జాషువ మహాకవియు పునరుత్థాన విశ్వాసమును

మన మాకవరపాలెము పరిసరములందు తీర్థములనాడు హరిశ్చంద్ర నాటకము చూడని పెద్దవారు అరుదు. నడిరేయి దాటి, పిల్లలు చాపలపై నిద్రించుచుండగా, కాటిసీను వచ్చుసరికి కునికిపాట్లు పడుచున్నవారందఱును లేచి కూర్చుందురు. అప్పుడు వేషధారి గొంతెత్తి చదువు శ్మశానపద్యములు నాటకకర్తయగు బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారివని పలువురు తలంతురు. అవి గుఱ్ఱము జాషువగారివి. నటులు వానిని ఎత్తుకొనివచ్చి నాటకములో చేర్చుకొనిరి. కవి పేరు తెలియకయే పద్యము ఊరూర తిరిగెను.

ఈ యేటి మహాసభ సంచికకు జాషువగారి జీవితమును వ్రాసి యిమ్మని మన సంఘ కార్యవర్గమువారు నన్ను కోరిరి. మనలో రామభజనకు పోవువారు కలరు, ఆదివారము ప్రార్థనకు పోవువారును కలరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు మాత్రమే ఇచ్చెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది దక్కెను గాని క్రైస్తవులకు దక్కలేదు. కావున ఒకే యింటిలో కాగితము ఒక మతమును, ప్రార్థన వేఱొక మతమును చెప్పు సంకటము మనవారికి కొత్త కాదు. జాషువ ఎవరివాడని నన్నడిగిన మిత్రుల మనసులో నున్నదియు నీ సంకటమే. నేను క్రైస్తవుడను కాను. సంస్కృతము చదువుకొని బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రమించినవాడను. అయినను ఆ కవి జీవితమును వ్రాయబూనినవానికి క్రైస్తవుల పునరుత్థాన విశ్వాసమును విచారింపక గతిలేదు.

జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో జన్మించెను. అది నాడు గుంటూరు సీమ, 2022 నుండి పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ కులజ. పిల్లలు క్రైస్తవులుగా పెరిగిరి. పేదఱికమొకవైపు, తల్లిదండ్రుల కులములు వేఱగుట యింకొకవైపు ఆ బాల్యమును నలిపివేసెను. బడిలో కులము పేరెత్తి వెక్కిరించిన పిల్లలను చూచి ఈ బాలుడు తలవంచుకొని పోలేదు, తిరుగబడెను. ఈ సంగతి నాకు మిక్కిలి ప్రియము. సహనమే పేదవాని అలంకారమని మనకు బోధించువారు ఎక్కువ.

1910లో మేరీ యను నామెను వివాహమాడెను. నెలకు 3 రూపాయల జీతముపై మిషను పాఠశాలలో దొరికిన ఉద్యోగము నిలువలేదు. పొట్ట చేతబట్టుకొని రాజమహేంద్రవరము చేరి, 1915-16 ప్రాంతమున మూకీ చిత్రములకు కథ చెప్పు పనిలో కుదిరెను. తెరమీద బొమ్మలు కదలుచుండ, పక్కన నిలిచి సంభాషణలను బిగ్గరగా చదువుటయే ఆ పని. తరువాత గుంటూరున లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు, 1928 నుండి 1942 వఱకు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయత్వము.

ఈ బ్రదుకుతెరువుల నడుమ జూపూడి హనుమచ్ఛాస్త్రిగారియొద్ద మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును చదివెను. ఆ గురువునకు నమస్కారము. నా చిన్నతనమున ఒక పండితుడు, పేరు చెప్పను, రఘువంశము రెండవ సర్గ నడుచుచుండగా నా పేట యేదని యడిగి పుస్తకము మూసివేసెను. మిగిలిన సర్గలను నేను మఱియొకచోట చదువుకొంటిని. అందుచే జాషువకు మూడు కావ్యములు చెప్పిన గురువు విలువ నాకు తెలియును.

వినుకొండలో జరిగిన యొక అవధానసభలో జాషువ పద్యములు చదువగా, తక్కువ కులమువానిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందఱు గోల చేసిరి. అది యొక దెబ్బ. రెండవ దెబ్బ ఎదుటి దిక్కునుండి తగిలెను. క్రైస్తవుడై యుండి హిందూ పురాణకథలు వ్రాయుచున్నాడని క్రైస్తవ మతపెద్దలు ఆయనను తమ సమాజమునుండి బహిష్కరించిరి. గుడివారికి అంటరానివాడు, చర్చివారికి వెలివేయబడినవాడు. ఇట్లు రెండు తలుపులును మూయబడినవాని చేతినుండి 1941లో గబ్బిలము వెలువడెను.

కాళిదాసుని యక్షుడు మేఘమును పంపెను. జాషువ నాయకుడగు అరుంధతీసుతుడు గబ్బిలమును పంపెను. తానడుగుపెట్టరాని దేవాలయమున ఆ పిట్ట తలక్రిందుగా వ్రేలాడవచ్చును గదా! కాశీవిశ్వనాథునికి చెవి దగ్గఱగా, పూజారి లేని సమయము చూచి తన కథ చెప్పుమని ఆ పేదవాని వేడికోలు. అందులో ముఖ్యమగు ప్రశ్న యొకటి కలదు. కర్మమను మాటతో తన నోరు కట్టివేసి తన కూడు ఇతరులు తినుచున్నారనియు, ఆ కర్మమనగా నేమో, దానికి తనపై పగ యేమో ఈశ్వరునిచేతనే రుజువు చేయింపుమనియు అతడు కోరును. కర్మసిద్ధాంతమును నేను చులకనగా మాటలాడను. తన కష్టమునకు తన నడతలో కారణము వెదకుకొనుట మంచిదే. కాని ఎదుటివాని కష్టమును చూచి, అది వాని పూర్వపాప ఫలమని చెప్పి పోవుటకు ఆ సిద్ధాంతమును వాడుకొనుట క్రౌర్యము. బాధపడువానికి అపుడు ఆకలితో పాటు నేరము కూడ అంటగట్టబడును.

పునరుత్థాన విశ్వాసము ఇచ్చటనే అక్కఱకు వచ్చుచున్నది. యేసు రోమను అధికారి పిలాతు తీర్పువలన సిలువ వేయబడెను. సిలువ బానిసలకును తిరుగుబాటుదారులకును రోమనులు విధించు నీచమరణము. మ్రానున వ్రేలాడినవాడు శాపగ్రస్తుడని యూదుల ధర్మశాస్త్రము. రాజ్యము ఆయనను నేరస్థుడనెను, శాస్త్రము శాపగ్రస్తుడనెను. మూడవనాడు దేవుడు ఆయనను సమాధినుండి లేపుటచేత ఆ రెండు తీర్పులను, క్రింది కోర్టు తీర్పును పై కోర్టు కొట్టివేసినట్లు, కొట్టివేసెనని శిష్యుల నమ్మకము. మన పునర్జన్మకును దీనికిని పోలిక లేదు. ఇందు ఆత్మ వేఱొక దేహమును వెదకుకొనదు. లాజరువలె బ్రదికి మరల చచ్చుటయు కాదు. నలుగురిలో అవమానింపబడి చంపబడిన ఆ మనుష్యునే, ఆ దేహముతోనే, మరణము మరల అంటజాలని జీవమునకు దేవుడు ఎత్తెననుట. పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన లేఖలో, దైవస్వరూపుడైనవాడు దాసుని రూపము దాల్చి సిలువ మరణము వఱకు తన్ను తగ్గించుకొనెననియు, అందువలననే దేవుడు ఆయనను అందఱికంటె మిక్కిలి హెచ్చించెననియు చెప్పెను. అందువలననే యను మాటలో బలమున్నది. తగ్గుటకును హెచ్చుటకును నడుమ అది కారణముగా నిలిచినది.

మన హరిశ్చంద్రుని కథతో దీనిని పోల్చి చూడుడు. ఆయనయు తగ్గెను, కాటికాపరి యాయెను, చివరకు హెచ్చింపబడెను. అయోధ్య ప్రజలను విడిచి స్వర్గమునకు రానని పట్టుబట్టినట్లు మార్కండేయ పురాణము చెప్పును. అది గొప్ప మాట. కాని ఆ రాజును కొన్న చండాలుడు ఎవరు? తెర తీసి చూడగా ధర్మదేవతయే మారువేషమున వచ్చినదట. రాజు రాజాయెను, దేవత దేవతయాయెను. నిజముగా కాటికడ పుట్టి కాటికడ బ్రదుకువాడు ఆ కథలో లేనేలేడు. ఎన్నో యేండ్లు ఈ నాటకము చూచిన పిమ్మటగాని ఈ లోటు నాకు తట్టలేదు. సువార్తలలో మారువేషము తీసివేయుట యుండదు. లేచిన యేసు చేతులలో మేకుల గాయములు, ప్రక్కలో బల్లెపుపోటు అట్లే యున్నవి. సంశయించిన తోమాకు వానిని చూపెను. ఆ గాయములే గుర్తింపు చిహ్నములైనవి. ఖాళీ సమాధి వార్తను మొదట తెచ్చినవారు స్త్రీలు. ఆ వార్తను అపొస్తలులు వట్టి మాటలని త్రోసిపుచ్చిరని లూకా వ్రాసెను. లెక్కకు రానివారి మాటయే నిజమాయెను.

ఇట్టి కథను చిన్నతనమున విని పెరిగిన జాషువ, సంఘము తన్ను వెలివేసిన తరువాత దానిని విడిచిపెట్టినను ఎవరును తప్పుపట్టరు. ఆయన మనస్సు హేతువాదమువైపు మొగ్గెను. కుమార్తె హేమలత నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడగు లవణముగారిని 1960లో వివాహమాడెను. దేహమే లేచెనా, విశ్వాసమే లేచెనా యను వాదమున ఆయనను ఏ పక్షమునను నిలుపుటకు నేను ఇష్టపడను. ఇట్టి మనిషి అఱువది యేండ్లు దాటి, 1958లో క్రీస్తుచరిత్రను కావ్యముగా వెలయించెను. తన్ను వెలివేసినవారికిని క్రీస్తుకును నడుమ భేదమును ఆయన ఎఱిగియుండెను. 1964లో ఆ కావ్యమునకే కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. తలుపు మూసినవారి ప్రభువు చరిత్రయే ఆయనకు పెద్ద తలుపు తెఱచెను.

గౌరవములు ఒకటి వెంట నొకటి వచ్చినవి. కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి మున్నగు బిరుదులు, కనకాభిషేకము. 1957-59 నడుమ మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగము. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యత్వము. వీనిని తొందరగా చెప్పి విడిచెదను. ఒక్కదానిని విడువజాలను. తిరుపతి వేంకటకవులలో నొకరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు జాషువ పాదమునకు తమ చేతులతో గండపెండేరము తొడిగిరి. గండపెండేరమనగా మహాకవి కాలికి పెట్టు బిరుదందె. తెలుగుదేశపు అవధానులకెల్ల గురుస్థానీయుడైన బ్రాహ్మణవృద్ధుడు, అవధానసభలో కూర్చుండ తగడని తరుమబడినవాని పాదముకడ వంగెను. సిలువకు ముందటి రాత్రి యేసు శిష్యుల పాదములు కడిగిన ఘట్టమును ఎఱిగినవారికి ఈ దృశ్యము వేఱుగా తోచును.

అయితే గౌరవము దక్కినంతనే కష్టము తీఱునా? ఈ ప్రశ్నను జాషువ 1932లోనే తన ఫిరదౌసి కావ్యమున వేసెను. పారసీక కవి ఫిరదౌసి షానామాను వ్రాయ, గజనీ మహమ్మదు మాటయిచ్చిన బంగారమునకు బదులు వెండి పంపెననియు, పశ్చాత్తాపపడి బంగారము పంపునప్పటికి కవి శవము ఊరి ద్వారము వెడలుచుండెననియు ప్రసిద్ధమైన కథ. ఆలస్యముగా వచ్చిన బంగారము శవమును లేపదు. సన్మానము వేఱు, పునరుత్థానము వేఱు. సన్మానించువాడు పాత తీర్పును తప్పని ఒప్పుకొననక్కఱలేదు; శాలువ కప్పి ఇంటికి పోవచ్చును. మన సభలలో కూడ అట్టి శాలువలు నేను చాల చూచితిని.

జాషువగారికి ఈ సంగతి తెలియుననుటకు 1966 నాటి నా కథయే సాక్ష్యము. బహుమానములు వచ్చిన తరువాత పద్యములలో వ్రాసికొన్న స్వీయచరిత్రమది. అప్పటికి అకాడమీ బహుమానము చేతికి వచ్చెను, శాసనమండలిలో ఆసనము దొరకెను, కాలికి పెండేరము వెలసెను. ఆ స్థితిలో మఱియొకడైనచో బాల్యపు అవమానములను మెత్తగా దాటవేసి, తన్ను సన్మానించిన పెద్దల జాబితా వ్రాసికొని యుండును. ఆయన ఆ అవమానములను దాచలేదు. కావలసినవారు వ్రేలు పెట్టి చూచుకొనుటకు వీలుగా తోమాకువలె మనకు చూపెను.

1970లో భారతప్రభుత్వము పద్మభూషణమును, మన విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును ఇచ్చినవి. 1971 జూలై 24వ తేదీన గుంటూరున జాషువ కన్నుమూసెను. ఆయనకు అప్పుడు 75 ఏండ్లు. తీర్థమునాటి రాత్రులందు కాటిసీనులో ఆయన పద్యములు నేటికిని మన ఊళ్లలో వినవచ్చుచున్నవి.