నేరంలో సమాజాన్ని చూసిన డర్క్‌హైమ్

సమాజశాస్త్రానికి పునాదులు వేసిన మహనీయుల్లో ఎమిలీ డర్క్‌హైమ్ ఒకరు. ఆయన 1858 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లోని ఎపినాల్ పట్టణంలో యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి, తాత మతగురువులు. ఆయన మాత్రం చదువుకే అంకితమయ్యాడు. పారిస్‌లోని పేరున్న ఎకోల్ నార్మల్ సుపీరియర్ ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి 1879లో సీటు సంపాదించాడు. సప్లిమెంటరీ రాసే మన తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. ఆ కాలంలో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో కొందరు పుట్టుకతోనే నేరస్థులని, వారిని ముఖం, పుర్రె చూసి గుర్తించవచ్చని చెప్పేవాడు. డర్క్‌హైమ్ వేరే దారి పట్టాడు. 1893లో శ్రమ విభజనపైన, 1895లో సమాజశాస్త్ర పద్ధతిపైన రాసిన గ్రంథాల్లో నేరాన్ని సమాజం వైపు నుంచి పరిశీలించాడు. ఏ పనీ దానంతటదే నేరం కాదనీ, సమాజం నిరసిస్తేనే నేరమవుతుందనీ వివరించాడు. నేరం లేని సమాజం లేదన్నాడు. శిక్ష పడినప్పుడు మిగతావారు ఒక్కటై తమ నీతిని మళ్ళీ గట్టిపరచుకుంటారన్నాడు. సోక్రటీస్ తన కాలపు చట్టం దృష్టిలో నేరస్థుడేనని, కానీ ఆ నేరమే కొత్త ఆలోచనకు దారి తీసిందని గుర్తుచేశాడు. సమాజంలో కట్టుబాట్లు సడలితే మనిషి దారి తప్పుతాడనీ చెప్పాడు. 1938లో అమెరికాకు చెందిన మెర్టన్ ఈ ఆలోచనను ముందుకు తీసుకెళ్ళాడు. అందరికీ ఒకే ఆశ చూపి, అందుకునే దారి కొందరికే ఇస్తే నేరాలు పుడతాయన్నాడు.

1902లో డర్క్‌హైమ్ పారిస్‌లోని సోర్బాన్‌కు వెళ్ళాడు. 1915లో కొడుకు ఆంద్రే యుద్ధంలో చనిపోయాడు. ఆ దుఃఖంతో కుంగిపోయి 1917 నవంబర్ 15న కన్నుమూశాడు.

పి.జి.లో ఈ పాఠం చదివినప్పుడు మాకు మన హాస్టలే గుర్తొచ్చింది. ఊళ్ళో ఏ వస్తువు పోయినా ముందు హాస్టల్ పిల్లలవైపే వేలు చూపేవారు. పోయిన వస్తువు దొరికాక కూడా ఎవరూ వచ్చి పొరపాటైందని అనలేదు. ఆంగ్లేయులు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చి, ఎరుకల వంటి వారిని పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. 1952లో చట్టం రద్దయింది గానీ ఆ చూపు ఇంకా పోలేదు.

తమ్ముళ్ళారా! నేరం ఎవరి నెత్తుటిలోనూ లేదు. ఎవరైనా మనల్ని అనుమానంగా చూస్తే తల దించుకోవద్దు. ఎందుకు అలా చూస్తున్నారని అడగడం నేర్చుకుందాం. డర్క్‌హైమ్ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇదే.