బాగ్దాద్ వర్తకుడు కట్టిన బడి

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెవాసులకు బొంబాయి కొత్త కాదు. ఒకప్పుడు తెలుగు నేల నుంచి కూలికి వెళ్లిన కామాటీల పేరుమీదనే అక్కడ కామాటిపురా వెలిసింది. దానికి దగ్గరలోనే, బైకుల్లాలో, నీలిరంగు వేసిన యూదుల సమాజమందిరం ఉంది. దాని పేరు మాగెన్ డేవిడ్. 1861 నాటి ఆ మందిరాన్ని కట్టించిన డేవిడ్ ససూన్ కూడా బతుకుతెరువు కోసం వలస వచ్చినవాడే.

ఆయన 1792లో బాగ్దాద్‌లో పుట్టాడు. దానియేలు, యెహెజ్కేలు చెరలో గడిపిన బబులోను ప్రాంతమది. తండ్రి అక్కడి పాషాలకు కోశాధికారి. దావూద్ పాషా ఏలుబడిలో వేధింపులు పెరగడంతో డేవిడ్ ప్రాణాలు దక్కించుకుని పారిపోయాడు. పర్షియా తీరంలోని బుషైర్‌లో కొంతకాలం ఉండి, 1832 ప్రాంతంలో కుటుంబంతో బొంబాయి చేరాడు.

వ్యాపారం కలిసొచ్చి గొప్ప ధనవంతుడయ్యాడు. ఆ సంపదలో కొంత చైనాకు పంపిన నల్లమందు వల్ల వచ్చిందన్నది దాచకూడని నిజం. ఎన్నో కుటుంబాలను కూల్చిన సరుకది. ఎంత దానం చేసినా ఆ మచ్చ చెరగదు.

అయినా ఆయన చేసిన ఒక పని మనం ఆలోచించదగినది. తన వెనుక వలస వచ్చిన యూదులకు పని ఇచ్చి ఊరుకోలేదు. పరాయి ఊళ్లో కూడు దొరికినా ధర్మశాస్త్రం చదవలేని పిల్లలు తమ దేవుణ్ణి మరచిపోతారని గ్రహించాడు. అందుకే బడి పెట్టి హెబ్రీ భాష నేర్పించాడు, లోకంలో బతకడానికి కావలసిన చదువూ చెప్పించాడు. ఆ బడికి దీర్ఘకాలం ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న జోసెఫ్ ఎజెకియేల్ రాజ్‌పుర్కర్ హెబ్రీ ప్రార్థనలను మరాఠీలోకి అనువదించాడు. దాంతో హెబ్రీ రానివారికి కూడా ఆ ప్రార్థనలు అర్థమయ్యాయి. ససూన్ మాత్రం 1853లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు కూడా హెబ్రీలోనే సంతకం చేశాడు. 1864లో పుణెలో కన్నుమూశాడు.

1948 తర్వాత ఎక్కువమంది యూదులు ఇశ్రాయేలు దేశానికి వెళ్లిపోయారు. బైకుల్లా మందిర ఆవరణలోని బడులు మాత్రం మూతపడలేదు. ఇప్పుడు వాటిలో ఎక్కువగా ముస్లింల పిల్లలు చదువుకుంటున్నారు. ఒక వలసజీవి వేసిన చదువుల పునాది ఇతరులకూ నీడనిస్తోంది.

ప్రియ చదువరీ, మన జిల్లాల నుంచి బొంబాయికి, భివండీకి, గల్ఫ్‌కు వెళ్లిన విశ్వాస కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారు నెలనెలా డబ్బు పంపుతున్నారు, ఇళ్లు కడుతున్నారు. కానీ అక్కడ పెరిగే పిల్లల్లో ఎందరు తెలుగు బైబిలును తడబడకుండా చదవగలరు? అమ్మమ్మ చేసే ప్రార్థన మనవడికి అర్థమవుతోందా? ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ పిల్లలకు వాక్యం నేర్పమని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. ఆ పనికి ససూనంత సంపద అక్కరలేదు. ఈ రాత్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క అధ్యాయం కలిసి చదివితే, మన ఇంట్లో కూడా ఒక బడి మొదలైనట్టే.